గాలివాన వెలిసిన పిదప: చేతివించితో విరిగిన కొమ్మను లాగుట

సోదరీమణులారా! కడచిన నెలలో బియ్యమునకు పురుగు పట్టకుండ కాపాడుకొను తీరును గూర్చి ఈ శీర్షికయందు వ్రాసితిమి. ఈ నెల వ్రాయబూనిన విషయము వంటయింటిది కాదు, పెరటిది. "కొమ్మలు లాగుట మగవారి పని గదా, మనకేల?" అని కొందరు పుట త్రిప్పివేయుదురేమో. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. ఆ తలంపునకు మా యింట చెల్లించిన వెల యెట్టిదో ముందు చెప్పెదము. పిదప మీరే నిర్ణయింపుడు.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాసకు చేరువను తీరము దాటినది. మేమప్పుడు ఉద్దానమునందలి యొక పల్లెలో నుంటిమి. మా వారు అచటి పాఠశాలలో ఉపాధ్యాయులు. ఉద్దానమనగా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలి ఆ తోటలపై వీచినది. తెల్లవారి తలుపు తీసి చూచుసరికి ఊరికి నీడ లేదు.

మా పెరటిలోని మామిడిచెట్టు కూలలేదు గాని, దాని పెద్దకొమ్మ యొకటి పంగ యొద్ద తెగి, మొదలు నేలకు దిగబడి, కొన ప్రక్కనున్న పనసచెట్టులో చిక్కుకొని, పశువులపాకపైకి ఒరిగి నిలిచినది. దాని పొడవు 20 అడుగులకు తక్కువ లేదు. పాకలో ఆవును కట్టుటకు వీలులేదు, దూడ యరచుచున్నది. ఇరుగుపొరుగువారు దయతో వచ్చిరి. "మాస్టారు ఒక చేయి వేసినచో కొండయైనను కదలదా!" అని యొకరనిరి. మునగచెట్టెక్కించు మాటలు వినుటకు ఇంపుగనే యుండును. మా వారు, మా మరిది, మరి నలుగురు కలిసి బండికట్టు మోకును కొమ్మకు బిగించి లాగసాగిరి.

ఆ మోకు సంగతి మేమెరుగుదుము. వర్షకాలమంతయు చూరు క్రింద తడియుచు ఎండుచు నున్నది. వారము దినముల క్రిందట పాక యూడ్చునపుడు దానిలో ఒక పురి చివికి పీచులు లేచియుండుట కన్నులార చూచితిమి. చెప్పవలయునని నోటివరకు వచ్చినది. ఆరుగురు మగవారి నడుమ ఆడుదాని మాట యేలయని వాకిటిలో నిలిచి యూరకుంటిమి. మా చిన్నవాడు, అప్పటికి ఆరేండ్లవాడు, పినతండ్రి ప్రక్కన మోకు కొస పట్టుకొని తానును లాగుచుండెను. అత్తగారికి మంచినీళ్లిచ్చి రమ్మని వానిని పిలిచితిమి. వాడు అరుగెక్కునంతలో మోకు తెగినది.

తెగిన మోకు క్రింద పడదు. అది కొరడావలె వెనుకకు వచ్చును. మా మరిది ముంజేయి యెముక విరిగినది. చెట్లు పడి దారులు మూసుకొనియుండుటచేత ఆసుపత్రికి చేరుసరికి మధ్యాహ్నము దాటినది. ఆరు వారములు కట్టుతో నుండెను. దెబ్బ తగిలిన యెత్తును మేము తరువాత మనసులోనే కొలిచి చూచుకొంటిమి. అది మా పసివాని తల యెత్తు.

కొమ్మ మాత్రము జానెడైనను కదలలేదు.

మూడవనాడు మా వారు బోరుబావుల మోటార్లను పైకి లాగు మేస్త్రీని పిలుచుకొని వచ్చిరి. అతడు తెచ్చినది చేతివించి. అంతవరకు మేము దానిని దగ్గరగా చూచి యెరుగము. చూచినపిదప అందు అద్భుతమేమియు లేదని తెలిసినది. ఒక ఇనుపచట్రము, అందులో చిన్న డ్రమ్ము, దానిపై చుట్టిన ఉక్కుతీగల త్రాడు, త్రాటి చివర కొక్కెము, ప్రక్కన పండ్లచక్రము, ఆ పండ్ల నడుమ పడి చక్రమును వెనుకకు తిరుగనీయని యినుపనాలుక, త్రిప్పుటకు పొడవాటి పిడి. మన నూతిమీది గిలక లాగుడు దిక్కును మార్చునే గాని బలమును పెంచదు. ఈ యంత్రము బలమును పెంచును. పిడి పొడవు 40 సెంటీమీటర్లు, డ్రమ్ము నడిమినుండి అంచునకు 2 సెంటీమీటర్లు అయినచో, చేతి బలము 20 ఇంతలగును. రాపిడియందు కొంత పోయినను, ఆరుగురు కదపలేనిదానిని ఒక్కడు నెమ్మదిగా కదపగలడు.

అపాయము కూడ ఇందే యున్నది. ఆరుగురు లాగునపుడు తమ చేతుల నొప్పియే వారికి హెచ్చరిక. వించి త్రిప్పువానికి చేయి నొవ్వదు. త్రాటిలో ఎంత బిగువు చేరినదో అతనికి తెలియకయే చేరును. అడుగు మందము, పదియడుగుల పొడవు గల పచ్చిమామిడి మొద్దు 150 కిలోలకు తక్కువ తూగదు. దానిని ఆపుచున్న కొమ్మల పెనుగులాట వేరు. ఆ బలమంతయు త్రాటిలో ఒదిగి నిశ్శబ్దముగా నుండును. కావున ఈ పనిలో మొదటి ప్రశ్న యెట్లు లాగవలెననునది కాదు. అది తప్పించుకొన్నచో ఎవరికి తగులుననునది మొదటి ప్రశ్న.

మేస్త్రీ చేసిన రీతిని, తరువాత మేము తెలిసికొన్న కారణములతో కూడ, వరుసగా చెప్పెదము.

మొదటిది, కరెంటు తీగ. కొమ్మ తీగకు తాకినను, తీగ కొమ్మక్రింద పడియున్నను, ఇనుపకంచెకు గాని బట్టలారవేయు తీగకు గాని అది తగిలియుండునను శంక కలిగినను, ఆ పని మనది కాదు. ఊరిలో దీపములు వెలుగకపోయినంత మాత్రమున తీగలో ప్రాణము లేదని తలపరాదు. ఏ క్షణమునైనను వచ్చును. తడిసిన కొమ్మలోనుండి విద్యుత్తు ప్రాకును. విద్యుత్ శాఖవారి 1912 సంఖ్యకు ఫోను చేసి, వారు వచ్చి సరియని చెప్పువరకు పిల్లలను, పశువులను దూరముగా నుంచవలయును. మా యింటికి వచ్చు తీగను వారు విప్పి తొలగించిన పిదపనే మేస్త్రీ వించిని దింపెను.

రెండవది, చూపు. గాలి పూర్తిగా తగ్గవలయును. పగటి వెలుతురు చాలినంత యుండవలయును. చెట్టు చుట్టు తిరిగి పైకి చూడవలయును. ఒక కొమ్మ కదలినచో పైన చిక్కుకొన్న వేరొకటి రాలవచ్చును. మొదలు తల్లిచెట్టును విడిచి నేలకు వచ్చి, కొన మాత్రమే చిక్కుకొన్న కొమ్మను నేలమీదుగా లాగుట వించికి తగిన పని. బెరడు పట్టుతో తలకంటె ఎత్తున వ్రేలాడుచున్న కొమ్మ యట్లు కాదు. దానికి చెట్టెక్కి పనిచేయుట నేర్చినవారు కావలయును. దాని క్రింద నిలిచి లాగుట, మీద వేసికొనుటయే.

మూడవది, ఆధారము. వించిని దేనికి కట్టవలెను? మావారలు వసారా స్తంభమును చూపిరి. మేస్త్రీ నవ్వి, "మాస్టారూ, ఆ స్తంభమునకు కట్టితిమా, కొమ్మ రాదు, మీ యిల్లు వచ్చును" అనెను. పాలకడలి చిలికిన కథ మన మందరము చిన్ననాడు వినినదే. మందరగిరిని తెచ్చిరి, వాసుకిని చుట్టిరి, లాగువారికి కొదువ లేదు. అయినను అడుగున ఆధారము లేకపోవుటచేత కొండ క్రుంగిపోయినది. కూర్మము వీపొగ్గిన పిదపగాని చిలుకుట సాగలేదు. బలమునకు ముందు ఆధారము చూడవలయును. వేళ్లు కదలని, పచ్చగానున్న, అడుగునకు తక్కువ కాని మందముగల చెట్టునకు, నేలకు దగ్గరగా, వెడల్పైన బట్టపట్టాను చుట్టి దానికి వించిని తగిలింపవలయును. నూతి చప్టా, ప్రహరీగోడ, కంచెరాయి, గాలికి ఒకప్రక్క వేరు లేచిన చెట్టు పనికిరావు. ఉక్కుత్రాటిని చెట్టునకు చుట్టి దాని కొక్కెమును దానికే తగిలించుటయు కూడదు. త్రాడు నలిగి తీగలు తెగును. చెట్టు బెరడును కోసికొనిపోవును.

నాలుగవది, దూరము. కొమ్మ పొడవు 20 అడుగులైనచో వించి 40 అడుగుల దూరమున నుండవలయును. కొమ్మ విడివడి దొర్లినను, కొన యెటు పడినను, త్రిప్పువానిని చేరరాదు. లాగుడు పాకవైపునకు గాక, పాకనుండి ఎదురువైపునకు సాగవలయును. త్రాటిని కొమ్మ మొదలునకు కట్టుటకు ఒక్కరే ప్రక్కనుండి పోయి, క్రింద దూరక, పని ముగించి వెంటనే మరలి రావలయును.

ఐదవది, త్రాటి పరీక్ష. ఉక్కుత్రాటిని విప్పి కొసనుండి కొసవరకు చూడవలయును. తెగి లేచిన తీగలు, మెలిపడి విరిగిన చోటు, త్రుప్పుతో ఉబ్బిన చోటు ఉన్నచో ఆ త్రాడు పనికిరాదు. తోలు చేదొడుగులు లేక దానిని పట్టరాదు. తొడుగులున్నను చేతిలో జారనీయరాదు. ఎంత విప్పినను డ్రమ్ముపై ఐదు చుట్లు మిగులవలయును. లేనిచో కొస ఊడివచ్చును. కొందరు నైలాను త్రాడు గట్టిదని దానినే వాడుదురు. అది సాగును, సాగినది తెగినపుడు మరింత వడిగా వెనుకకు వచ్చును. ట్రాక్టరుకు కట్టి ఒక్క కుదుపున లాగువారును కలరు. కుదుపునందు త్రాటిపై పడు భారము నెమ్మదిగా లాగినదానికంటె మిక్కిలి హెచ్చు.

ఆరవది, లాగుట. త్రాడు బిగువెక్కుటకు ముందే దాని నడుమ తడిపిన గోనెసంచులను గాని బరువైన దుప్పటిని గాని వేయవలయును. తెగినను ఆ బరువు దాని విసురును కొంత అణచును. బిగిసిన త్రాటిని ఎవరును దాటరాదు. త్రాడు సాగిన వరుసలో ముందుగాని వెనుకగాని నిలువరాదు. వాసుకి తలవైపు గౌరవమని పట్టుబట్టి నిలిచిన దానవులు ఆ విషపుటూర్పులకు కమలిపోయిరి గదా. నిలుచు చోటు గౌరవమును బట్టి యెంచుకొనునది కాదు. దిక్కు మార్చుటకు నడుమ కప్పి వేసినచో, త్రాడు వంగిన ఆ మూల లోపలిభాగమున నిలువనే కూడదు. కప్పి కట్టిన చోట త్రాటి బిగువునకు దాదాపు రెండింతల బరువు పడగలదు. కావున దాని కట్టు ఇంకను గట్టిదై యుండవలయును. నాలుగుసార్లు పిడి త్రిప్పి, ఆగి, కొమ్మను చూచి, మరల త్రిప్పవలయును. పిడి బరువెక్కినచో దానికి ఇనుపగొట్టము తొడిగి పొడవు పెంచుట మూర్ఖత్వము. పిడి బరువెక్కుట యంత్రము మనతో చెప్పు మాట. ఎచ్చట చిక్కినదో చూడుమని దాని యర్థము.

ఏడవది, విడుచుట. కొమ్మ వచ్చిన సంతోషములో ఇనుపనాలుకను సుత్తితో కొట్టి తప్పించుట కలదు. పిడి గిఱ్ఱున తిరిగి దవడ యెముకలు విరుగును. పిడిని గట్టిగా పట్టి, ఒక్కొక్క పన్ను చొప్పున సడలింపవలయును. పిదప కొమ్మను నరుకునపుడును జాగ్రత్త కావలయును. వంగియున్న కొమ్మలో ఒక ప్రక్క అదిమియుండును, ఒక ప్రక్క సాగియుండును. అదిమిన ప్రక్కను కొంచెము కోసి, సాగిన ప్రక్కను తరువాత తెంపవలయును. కోయువారు కొమ్మ ఎగురు వైపున గాక ప్రక్కన నిలువవలయును.

ఇవన్నియు మేస్త్రీ యెరిగినవే, చేయువాడును అతడే. ఇందు గృహిణికి పనియేమి? ఆ దినమున పని మొదలిడుటకు ముందు అతడు అందరిని పిలిచి, "లాగుమని నేనొక్కడనే చెప్పెదను. ఆపుమని ఎవరైనను చెప్పవచ్చును" అనెను. పిదప మావైపు తిరిగి, "అమ్మా, మేము త్రాటిని చూచుచుందుము. మీరు అరుగుమీద నిలిచి మిగిలినదంతయు చూడవలెను" అనెను. ఇంతవరకు మా కెవ్వరును అట్టి పని అప్పగింపలేదు. కొంగు బిగించి అరుగెక్కితిమి. చిన్నవానిని అత్తగారి గదిలో కూర్చుండబెట్టి గడియ వేసితిమి.

కొమ్మ మొదలు రెండుగజములు జరిగినది. పనసకొమ్మలు కిఱ్ఱుమనుచున్నవి. అందరి కన్నులును త్రాటిపైనే యున్నవి. అప్పుడు పాక వెనుకనుండి ఒక తెల్లకోక కదలినది. ప్రక్కయింటి అవ్వ పొయ్యిలోనికి పుల్లలేరుకొనుటకు కంచెసందున లోపలికి వచ్చి, సరిగా కొమ్మ కొన క్రింద వంగియున్నది. ఆమెకు చెవులు వినబడవు. మేస్త్రీకి పాక అడ్డము. ఆమె మా యొక్కరికే కనబడినది.

మోకునాటి మౌనము మరల గొంతును పట్టినది. మగవారు పదిమంది, పని నడుమ నున్నది, మా చూపు పొరపాటైనచో నవ్వుదురు. ఇదంతయు రెప్పపాటు. ఈసారి "ఆపుడు!" అని కేకవేసితిమి. మా గొంతు అంత పెద్దదని మాకే తెలియదు. మేస్త్రీ చేయి పిడిమీద అట్లే నిలిచిపోయినది. ఎందుకని అడుగలేదు. ముందు ఆగెను, పిదప చూచెను. అవ్వను చేయిపట్టి తెచ్చి మా అరుగుమీద కూర్చుండబెట్టినపిదప మరల పని సాగినది. మరి నాలుగుసార్లు పిడి త్రిప్పునంతలో కొన విడివడి, ఆమె వంగియుండిన చోటనే పెళపెళమని పడినది. అవ్వకు ఆ చప్పుడు వినబడలేదు గాని, నేల అదరుట తెలిసి మా చేయి పట్టుకొన్నది.

సోదరీమణులారా, మేము చెప్పదలచినది ఇంతియే. వించి త్రిప్పుట మనము నేర్చినను మేలే; నేర్వకున్నను లోటు లేదు. మగవారు త్రాటిని చూచుచుండగా, పిల్లవాడెక్కడ, దూడ యెక్కడ, పుల్లలేరు ముసలమ్మ యెక్కడ అని చూచు కన్ను మనది. దినమంతయు ఇంటిలో మనము చేయు పని యదియే గదా. ఆ కన్ను చూచినదానిని నోరు చెప్పవలయును. చెప్పి పొరపడినచో నాలుగు నిమిషములు పోవును. చెప్పక పొరపడినచో ఏమి పోవునో మా యింటివారి కెరుకయే. అట్లే మగవారికి విన్నపము: ఆపుమను మాట వినబడినపుడు ముందు ఆగుడు, తర్కము తరువాత.

ఆశ్వయుజ కార్తికములు మన తీరమునకు తుపానుల కాలము. 2014వ సంవత్సరమున హుద్‌హుద్ విశాఖపట్టణము చెట్లను కూల్చినదియు అక్టోబరు నెలలోనే, 12వ తేదీన. కావున ఈ నెలలోనే నాలుగు పనులు చేసికొనుడు. ఇంటిపైకి, తీగలపైకి వాలిన యెండుకొమ్మలను గాలికి ముందే, తీగల యొద్ద విద్యుత్ శాఖవారి చేతను, మిగిలినవి నేర్పరి చేతను కొట్టింపుడు. ఇంటనున్న మోకులను, నూతిచేదలను ఎండలో పరచి పురిపురియు చూడుడు; చివికినదానిని దాచక పొయ్యిలో వేయుడు, ఉన్నచో ఎవరో ఒకరు వాడుదురు. మీ యూరిలో వించియు, దానిని వాడుట తెలిసిన చేయియు ఎవరియొద్ద కలవో ముందే విచారించుకొనుడు. 1912, 108 సంఖ్యలను పిల్లలకును కంఠస్థము చేయింపుడు. పని జరుగునాడు అరుగుమీద నిలుచువారెవరో ముందే యేర్పరచుకొనుడు. ఆమె నడుమ వంటకు లేచిపోరాదు.

మా మరిది చేయి కుదిరినది గాని, ముసురు పట్టిన దినమున ఇప్పటికిని నొచ్చుచున్నదని యనును. అతడు మమ్మెన్నడును నిందింపలేదు. మోకు సంగతి మాకు ముందే తెలియునని అతనికి తెలియదు. ఈ నెల పుస్తకము వారి యింటికిని పోవును. చదువును గాక. చెప్పవలసిన మాటను ఇంతకాలమునకైనను చెప్పితిమి.